పొద్దు వాలకముందే ఇవ్వాల్సింది

ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు, అంటే తపస్కాలం, మొదటి వారం సోమవారం పూజలో చదివే మొదటి పఠనం లేవీయకాండం 19వ అధ్యాయంలోది. తపస్కాలం మొదలయ్యే విభూతి బుధవారం నాటి జనం ఆ రోజు కనిపించరు. పిల్లలకు స్కూళ్లు, పెద్దలకు ఆఫీసులు, పొద్దున్నే పూజకు వచ్చేది ముసలివాళ్లూ సిస్టర్లూ ఇంకో నలుగురూ. "నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టే నీ పొరుగువాణ్ణి ప్రేమించు" అన్న మాట ఆ పఠనం చివర్లో, 18వ వచనంలో వస్తుంది. మనలో అక్షరం రానివాళ్లకు కూడా ఆ మాట నోటికి వచ్చు. దానికి ఐదు వచనాల ముందు ఇంకో మాట ఉంది. కూలికి వచ్చినవాడి కూలిని తెల్లవారే దాకా నీ దగ్గర ఉంచుకోవద్దు అని. దీని మీద ప్రసంగం నేను ఇంతవరకూ వినలేదు.

విశ్వాసాన్ని రోజూ ఎలా బతకాలి అని మన విచారణల్లో, అంటే ఒక్కో గుడి కింద ఉండే సంఘాల్లో, ఎవరినైనా అడగండి. జపమాల చెప్పుకోవడం, రాత్రి కుటుంబ ప్రార్థన, వాక్యం చదవడం, శుక్రవారం మాంసం మానడం, కోపం తగ్గించుకోవడం, తప్పు చేసినవాళ్లను క్షమించడం. ఇవన్నీ మంచివే. నేను వీటితోనే పెరిగాను, ఇప్పటికీ వీటిని వదల్లేదు. కానీ ఈ జవాబుల్లో మన ఇంట్లో గిన్నెలు తోమే మనిషి ఎక్కడా రాదు. మన గోడ కట్టిన మేస్త్రీ రాడు. నా వాదన ఒక్కటే. మన కోసం పనిచేసిన మనిషికి ఇవ్వాల్సింది పూర్తిగా, ఆ వేళకే, అడిగించుకోకుండా ఇవ్వడం కూడా భక్తే. దాన్ని లేబర్ చట్టం లెక్కలోకో, మంచితనం లెక్కలోకో తోసేసి మిగిలినదాన్ని భక్తి అనుకోవడం కుదరదు. పరిశుద్ధ గ్రంథం అలా విడదీయలేదు.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం 14, 15 వచనాలు తీసి చూడండి. పేద కూలివాణ్ణి బాధపెట్టొద్దు, వాడు నీ సోదరుడైనా సరే, నీ ఊళ్లో బతుకుతున్న పరాయివాడైనా సరే. ఏ రోజు కూలి ఆ రోజే, పొద్దు గూకకముందే ఇవ్వు, ఎందుకంటే వాడు పేదవాడు, ఆ కూలి మీదే ప్రాణం పెట్టుకున్నాడు. వాడు నీ మీద దేవుడికి మొర పెట్టుకుంటే ఆ పాపం నీది. ఇంత వివరంగా, వేళతో సహా చెప్పిన ఆజ్ఞలు గ్రంథంలో ఎక్కువ లేవు. ప్రార్థన ఎన్ని గంటలు చేయాలో ప్రభువు మనకు చెప్పలేదు. కూలి ఎప్పుడివ్వాలో మాత్రం సూర్యుణ్ణి చూపించి మరీ చెప్పాడు.

మా నాన్న తాపీ మేస్త్రీ. పల్నాడు వైపు ఊళ్లలో ఇళ్లు కట్టేవాడు. వాళ్లకు బటవాడా శనివారం సాయంత్రం. పని ఆపి, తాపీ, గజంబద్ద కడుక్కుని, ఇంటి యజమాని బయటికి వచ్చేదాకా గేటు దగ్గర నిలబడాలి. మేస్త్రీకి ఒక్కడికే కాదు, ఆయన కింద పనిచేసే మాల్ కలిపేవాళ్లకూ ఇటుకలు మోసే ఆడవాళ్లకూ కూడా ఆ డబ్బులోంచే ఇవ్వాలి. యజమాని వచ్చి "ఈ వారం చేతిలో లేవు, సోమవారం చూద్దాం" అంటే మా నాన్న ఇంటికి వచ్చి పెద్దగా ఏమీ మాట్లాడేవాడు కాదు. అమ్మకు అర్థమైపోయేది. ఆదివారం సంత సరుకు సగమే వచ్చేది. ఆ ఇటుకలు మోసే అక్కలకు అయితే అదీ ఉండేది కాదు. ఆ యజమానుల్లో కొందరు కతోలికులే. మా ప్రాంతంలో భూములూ మేడలూ ఉన్న కతోలిక కుటుంబాలున్నాయి, ఆ భూముల్లో, ఆ మేడల దగ్గర పనిచేసే కతోలిక కుటుంబాలూ ఉన్నాయి. ఆదివారం అందరూ ఒకే గుడికి వస్తారు, ఒకే పీఠం దగ్గర దివ్యసత్ప్రసాదం తీసుకుంటారు. శనివారం గేటు దగ్గర జరిగినదానికీ ఆదివారం పీఠం దగ్గర జరిగేదానికీ సంబంధం ఉందని ఎవరూ అనుకోరు. పునీత యాకోబు మాత్రం అనుకున్నాడు.

ఆయన లేఖ 5వ అధ్యాయం మొదటి ఆరు వచనాలు, మూడేళ్లకోసారి తిరిగొచ్చే ఆదివారం పఠనాల వరసలో, 'బి' సంవత్సరం సామాన్యకాలం 26వ ఆదివారం రెండో పఠనంగా వస్తాయి. 2024లో సెప్టెంబరు 29న వచ్చాయి. పొలం కోసినవాళ్లకు ఇవ్వకుండా మీరు మోసంతో ఉంచుకున్న కూలి కేకలు పెడుతోంది, కోతవాళ్ల మొర సైన్యాలకు అధిపతియైన ప్రభువు చెవిలో పడింది అంటాడు. ఇక్కడ మొరలు రెండు. ఒకటి కూలివాళ్లది, రెండోది కూలిది. మనిషి భయపడి నోరు మూసుకోవచ్చు. రేపు మళ్లీ పని కావాలి కాబట్టి "పర్లేదులే అమ్మగారూ" అని నవ్వి వెళ్లిపోవచ్చు. కానీ బీరువాలో ఉండిపోయిన ఆ డబ్బు ఊరుకోదని యాకోబు మాట. నాకు ఈ వచనం చదివినప్పుడల్లా మా నాన్న మౌనం గుర్తొస్తుంది. ఆయన ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. అయినా ఆ ఫిర్యాదు వెళ్లాల్సిన చోటికి వెళ్లింది.

"యాకోబు ధనవంతుల గురించి రాశాడు, మనం ధనవంతులం కాదు కదా" అని చాలామంది అంటారు. ఒక మనిషి సాయంత్రం భోజనం మన చేతిలోంచి రావాల్సి ఉన్నప్పుడు, ఆ మనిషికి మనం ధనవంతులమే. మన బ్యాంకు లోను, పిల్లల ఫీజులు, ఈఎంఐల టెన్షన్ నిజమే, నాకూ ఉన్నాయి. అవి ఆ మనిషి బియ్యం కంటే ముందు వరసలోకి రావు.

శ్రీసభ, అంటే మన కతోలిక చర్చి, ఈ విషయంలో మెతకగా మాట్లాడలేదు. మన విశ్వాస బోధనంతా ఒకచోట చెప్పే పుస్తకం, కతోలిక శ్రీసభ సత్యోపదేశం, 1867వ పేరాలో పరలోకానికి మొరపెట్టే పాపాలు అని కొన్నిటిని చెబుతుంది. ఆబేలు రక్తం అందులో ఉంది, ఐగుప్తులో నలిగిన ప్రజల ఏడుపు ఉంది, పరదేశి, వితంతువు, అనాథల మొర ఉంది, వాటితో పాటే కూలివాడికి చేసే అన్యాయం ఉంది. హత్య పక్కన పెట్టారు దాన్ని. ఇది అతిశయోక్తి అనుకునేవాళ్లు సీరాపుత్రుడి గ్రంథం 34వ అధ్యాయం చదవాలి. పొరుగువాడి బతుకుతెరువు లాక్కునేవాడు వాణ్ణి చంపినట్టే, కూలివాడి కూలి ఎగ్గొట్టేవాడు రక్తం చిందించినట్టే అని అక్కడ సూటిగా ఉంది. కూలి లేక ఆస్పత్రికి పోలేకపోయిన మనుషులను చూసినవాళ్లకు దీన్ని వివరించి చెప్పక్కర్లేదు.

సీరాపుత్రుడి గ్రంథంతో పాటు తోబీతు గ్రంథం కూడా మన బైబిల్లోనే ఉంటుంది. గుంటూరులో మా బంధువులు లూథరన్‌లు, వాళ్ల బైబిల్లో ఈ రెండూ లేవు. తోబీతు గ్రంథం మన దగ్గర ఉన్నందుకు నేను నిజంగా కృతజ్ఞుణ్ణి. పెళ్లి పూజల్లో తోబియా, సారాల ప్రార్థన చదువుతారు కాబట్టి అదో పెళ్లికథ అని మనకు గుర్తు. నేను చదివినంతలో అది కూలికథ కూడా.

తోబీతు నీనెవెలో ప్రవాసిగా బతికే దైవభక్తుడు. దానధర్మాలు చేసేవాడు, దిక్కులేని శవాలను పాతిపెట్టేవాడు. చూపు పోయి మంచాన పడ్డాక భార్య అన్నా నేతపని చేసి ఇల్లు నడుపుతుంది. ఒక రోజు గుడ్డ నేసి ఇస్తే యజమానులు కూలి పూర్తిగా ఇచ్చి, దాని మీద ఒక మేకపిల్లను కూడా ఇస్తారు. ఇంట్లో మేకపిల్ల అరుపు విని గుడ్డివాడైన తోబీతు "ఇది ఎక్కడిది? దొంగిలించిందేమో, తిరిగి ఇచ్చేయ్" అంటాడు. కూలి మీద బహుమానంగా ఇచ్చారని ఆమె చెప్పినా నమ్మడు. అప్పుడామె "నీ దానధర్మాలు ఇప్పుడేమయ్యాయి?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు తోబీతు దగ్గర జవాబు లేదు, ఏడ్చి ప్రార్థన చేసుకుంటాడు. ఎంత భక్తుడైనా కష్టం చేసుకుని తెచ్చుకున్నదాన్ని చూసి దొంగతనమేమో అనుకోగలడని గ్రంథం దాచకుండా చెప్పింది. మన ఇళ్లలో ఒక గిన్నె కనపడకపోతే ముందు ఎవరి పేరు వస్తుందో మనకు తెలుసు.

తర్వాత 4వ అధ్యాయంలో అదే తోబీతు, చనిపోతానేమోనన్న తలంపుతో కొడుకు తోబియాను కూర్చోబెట్టుకుని బుద్ధులు చెబుతాడు. అందులో ఒకటి, నీ దగ్గర పనిచేసినవాడి కూలిని మర్నాటికి ఉంచుకోకు, వెంటనే ఇచ్చెయ్ అని. తోబియాకు దారి చూపించడానికి ఒక మనిషి దొరుకుతాడు. ఆ మనిషితో తోబీతు కూలి మాట్లాడుకుంటాడు, రోజుకు ఒక ద్రక్మా, పైన దారిఖర్చులు, క్షేమంగా తిరిగొస్తే ఇంకా ఇస్తానంటాడు. ప్రయాణం అయిపోయింది, పెళ్లి అయింది, తండ్రికి చూపు వచ్చింది. 12వ అధ్యాయం మొదట్లో తోబీతు కొడుకును పిలిచి "నీతో వచ్చిన మనిషికి కూలి ఇవ్వాలి, దానికి కొంత కలిపి ఇవ్వాలి" అంటాడు. ఎవరూ వచ్చి అడగలేదు. ఇంట్లో సంతోషం పొంగుతున్న వేళ కూలి సంగతి ముందు ఆయనకే గుర్తొచ్చింది. కొడుకు ఇంకో అడుగు ముందుకేసి, తెచ్చినదాంట్లో సగం ఇచ్చినా తప్పులేదంటాడు. ఇద్దరూ ఆ మనిషిని పిలిచి ఇస్తామంటారు. అప్పుడు ఆ మనిషి, నేను రఫాయేలును, ప్రభువు సన్నిధిలో నిలిచే ఏడుగురు దూతల్లో ఒకణ్ణి అని చెప్పుకుంటాడు.

దేవదూత తనను తాను బయటపెట్టుకోవడానికి ఎన్ని వేళలైనా ఉన్నాయి. చేపను పట్టినప్పుడు చెప్పొచ్చు, పెళ్లిలో చెప్పొచ్చు, చూపు వచ్చినప్పుడు చెప్పొచ్చు. చెప్పింది కూలి ఇచ్చే వేళ. ఈ గ్రంథం రాసినవాడు ఆ చోటును ఊరికే ఎంచుకున్నాడని నేను అనుకోను. ఇన్ని రోజులు ఇంటి మనిషిలా తిరిగినవాడి లెక్క మర్చిపోకుండా తేల్చాలనుకున్న ఇంట్లోనే, ఆ మనిషి ఎవరో తెలిసింది.

ద్రాక్షతోట ఉపమానం (మత్తయి 20) దగ్గరికి వస్తే, ప్రసంగాల్లో దాన్ని వెంటనే మోక్షం వైపు తిప్పేస్తారు. చివర్లో మారుమనసు పొందినవాడికీ అదే పరలోకం అని. అది నిజమే, కాదనను. కానీ ప్రభువు చెప్పిన కథ ముందు నేల మీద నిలబడాలి. హైదరాబాదులో కూలీల అడ్డాల మీద పొద్దున ఏడింటికి నిలబడే జనాన్ని చూసినవాళ్లకు ఆ కథ వేరేగా వినిపిస్తుంది. సాయంత్రం ఐదింటికి ఇంకా అక్కడే నిలబడి ఉన్నవాడు సోమరి కాదు. "ఎందుకు ఖాళీగా నిలబడ్డారు" అని అడిగితే వాళ్లు "మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదు" అన్నారు. పొద్దుట్నుంచి బండి ఆగినప్పుడల్లా పరుగెత్తి, బలంగా కనిపించేవాళ్లను ఎక్కించుకుపోతుంటే వెనక్కి వచ్చిన మనుషులు వాళ్లు. సాయంత్రం కాగానే యజమాని గృహనిర్వాహకుణ్ణి పిలిచి కూలి ఇమ్మన్నాడు, అంటే ద్వితీయోపదేశకాండం చెప్పిన వేళ తప్పలేదు. పొద్దున్నుంచి చేసినవాళ్లకు మాట్లాడుకున్న దీనారం పూర్తిగా ఇచ్చాడు. ఆ రోజుల్లో అది ఒక రోజు కూలి, ఒక ఇంటికి ఒక రోజు గడవడానికి సరిపోయేది. గంట చేసినవాడికీ అదే ఇచ్చాడు, వాడి ఇంట్లో కూడా ఆ రాత్రి తినాలి కదా. ఆయన ఉదారత ఒకరి బాకీని ఎగ్గొట్టి ఇంకొకరికి పెట్టింది కాదు. ముందు బాకీ తీర్చాడు, తర్వాత దయ చూపించాడు.

ఈ వరస మనం తిరగేశాం. ఏడాదంతా తక్కువ ఇచ్చి క్రిస్మస్‌కు ఒక చీర, ఒక కేకు ఇస్తాం. గుణదల తిరునాళ్లకు వెళ్లి కానుక వేసి, ఇంటికొచ్చాక పనిమనిషికి నాగాలు లెక్కపెట్టి కోస్తాం. ప్రపంచంలోని బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965లో లౌకికుల (గురువులూ సిస్టర్లూ కాని మామూలు విశ్వాసుల) ప్రేషిత సేవ గురించి ఇచ్చిన పత్రంలో 8వ పేరా దీనికి సరిగ్గా తగులుతుంది. న్యాయంగా ఇవ్వాల్సిందాన్ని దానంగా ఇవ్వకూడదు, ముందు న్యాయం తీర్చండి అని అక్కడ ఉంది. చీర ఇవ్వొద్దని నేననడం లేదు. ఆ చీర జీతంలో బాకీని కప్పకూడదు.

"ఆవిడ ఒప్పుకునే చేస్తోంది కదా, నేనేం బలవంతం చేయలేదు" అన్నది మనందరం ఎక్కువగా చెప్పుకునే సమాధానం. దీనికి 13వ లియో పోపుగారు 1891 మే 15న వెలువరించిన రేరుమ్ నోవారుమ్ అనే విశ్వలేఖలోనే (పోపు శ్రీసభ అంతటికీ రాసే లేఖ) జవాబు ఉంది. అవసరం తరిమి, ఇంతకంటే కష్టం వస్తుందన్న భయంతో కార్మికుడు తక్కువకు ఒప్పుకుంటే, అతను బలవంతానికీ అన్యాయానికీ గురైనట్టేనని ఆయన రాశారు. ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన ఆ కూలి న్యాయమైపోదని సత్యోపదేశం 2434వ పేరా ఇంకా తేటగా చెబుతుంది. 2025 మేలో పోపుగా ఎన్నికైన 14వ లియోగారు ఈ విశ్వలేఖను తలుచుకునే ఆ పేరు పెట్టుకున్నానని కార్డినల్‌లకు చెప్పారు. ఆ పేరు వినగానే మన విచారణల్లో సంతోషంగా బ్యానర్లు కట్టుకున్నాం. ఆ పేరు వెనక ఉన్న విషయం మన వంటిళ్ల దాకా రావాలి.

పూర్తిగా ఇచ్చేస్తే రేపు పనికి రారు, కొంత చేతిలో పెట్టుకుంటేనే మాట వింటారు అన్న ఆలోచన కూడా ఉంది. మా చిన్నప్పుడు పొలాల దగ్గర ఇదే విన్నాను, ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో వింటున్నాను. దీని గురించి ఎక్కువ చెప్పను. మనిషిని కట్టేయడానికి వాడి కష్టార్జితాన్నే తాడుగా వాడటం ఐగుప్తు పద్ధతి, ప్రభువు మనల్ని బయటికి తెచ్చింది దానిలోంచే.

ద్వితీయోపదేశకాండం వచనంలోని పరాయివాడు అన్న మాట కూడా మనం దాటేయలేం. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన మన ఆడవాళ్లలో జీతం అందక ఏడ్చినవాళ్ల గురించి మనకు తెలుసు. నిజామాబాద్, జగిత్యాల నుంచి గల్ఫ్ వెళ్లి నెలల తరబడి జీతాలు రాక తిరిగొచ్చిన మగవాళ్ల గురించి తెలుసు. వాళ్ల కోసం విశ్వాసుల ప్రార్థనలో ప్రార్థిస్తాం, ప్రార్థించాలి కూడా. అదే సమయంలో ఒడిశా పడమటి జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తున్నాయి. మన ఇంటికి వచ్చే ఇటుక అక్కడిది. ఆ ఇటుక చేసిన చేతికి ఎంత ముట్టిందో అడగడం రాజకీయం కాదు. రాజైన యెహోయాకీము గురించి యిర్మీయా ప్రవక్త (22:13) అడిగింది అదే. పొరుగువాడితో ఊరికే పని చేయించుకుని, కూలి ఇవ్వకుండా మేడ కట్టుకునేవాడికి అనర్థం అన్నాడు.

ఇక మన సొంత ఇంటి సంగతి. మన గుడుల్లో గంట కొట్టి, దీపాలు వెలిగించి, నేల ఊడ్చే మనిషి ఉంటాడు. ఊళ్లలో ఫాదర్‌గారు రాని ఆదివారాల్లో ప్రార్థన నడిపించేది ఉపదేశిగారు. మన స్కూళ్లలో ఆయాలు, ఆస్పత్రుల్లో వార్డు పనివాళ్లు ఉన్నారు. వాళ్లకు జీతం పెంచమంటే చాలా చోట్ల "ఇది సేవ కదా" అన్న మాట వస్తుంది. సేవ అని ఆ మనిషి అనుకుంటే అది ఆయన విశ్వాసం. జీతం ఇవ్వాల్సినవాళ్లు ఆ మాట అంటే అది వేరే. 1971లో రోమ్‌లో జరిగిన బిషప్పుల సమావేశం (సినడ్) తన పత్రంలో, ఇతరులకు న్యాయం గురించి చెప్పదలచినవాళ్లు ముందు వాళ్ల కళ్లకు న్యాయంగా కనిపించాలని, శ్రీసభలో పనిచేసేవాళ్లకు బతకడానికి సరిపడా ఇవ్వాలని రాసింది. తెలుగు కతోలికుల్లో ఎక్కువ మంది తాతముత్తాతలు పాలేర్లు, కూలీలు, వెట్టి చేసినవాళ్లు. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు 2022 ఆగస్టులో కార్డినల్ అయినప్పుడు, దళితుల్లోంచి వచ్చిన మొదటి కార్డినల్ మన తెలుగువాడని ఎంత గర్వపడ్డాం! నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. గేటు దగ్గర నిలబడటం అంటే ఏమిటో ఇంత బాగా తెలిసిన సంఘం ఇంకొకరిని గేటు దగ్గర నిలబెట్టకూడదు.

విభూతి బుధవారం తర్వాతి శుక్రవారం చదివేది యెషయా 58వ అధ్యాయం. మేము ఉపవాసం ఉన్నా నువ్వెందుకు చూడటం లేదని జనం దేవుణ్ణి అడుగుతారు. ఉపవాసం నాడు కూడా మీ పనివాళ్లను పిండుతున్నారు కదా అని ఆయన జవాబిస్తాడు. పనివాళ్ల సంగతి ఇంత సూటిగా ఎత్తిన పఠనం తపస్కాలం మూడో రోజునే వస్తుంది, లేవీయకాండం ఆ తర్వాత సోమవారం వస్తుంది. ఆ సోమవారం చదివే సువిశేషం మత్తయి 25, ఆకలిగొన్నప్పుడు నాకు పెట్టారా లేదా అన్న తీర్పు. శ్రీసభ ఈ పఠనాలను తపస్కాలం మొదట్లోనే పెట్టింది. మనం శిలువమార్గం ప్రార్థన ఎన్నింటికి మొదలవుతుందో కనుక్కుంటున్నాం.

నేను మా విచారణ గురువులను ఒకటి అడిగాను, ఇక్కడా అదే అడుగుతున్నాను. పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, ముందు ఆత్మపరిశీలన కోసం తపస్కాలంలో పంచే కాగితంలో ఏడవ ఆజ్ఞ కింద "దొంగతనం చేశానా" అని ఒక్క వరస ఉంటుంది. సత్యోపదేశం 2409వ పేరా అన్యాయపు కూలిని ఆ ఆజ్ఞ కిందే పెట్టింది. కాబట్టి ఆ కాగితంలో ఇంకో వరస చేర్చండి. నా దగ్గర పనిచేసినవాళ్లలో ఎవరికైనా ఈ రోజుకి బాకీ ఉన్నానా, ఇచ్చేది వాళ్ల ఇంటికి సరిపోతుందా, వాళ్లే వచ్చి అడిగేలా చేశానా అని. దాంతో పాటు మే 1న, 1955లో 12వ పయస్ పోపుగారు ఏర్పరిచిన కార్మికుడైన పునీత జోజప్ప పండుగ నాడు, మన విచారణ సంఘం ఉపదేశిగారికీ గుడి పనివాళ్లకూ ఏడాదికి ఎంత ఇస్తుందో పూజ తర్వాత చదివి వినిపించాలి. కానుకల లెక్క చదువుతున్నాం కదా, ఇది కూడా అదే మైకులో చదవొచ్చు.